పేర్లు మనవి, అక్షరాలు కచేరీవి
(వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రభుత్వ ఆఫీసులలోకి కంప్యూటర్లు వచ్చినందువల్ల మనకు కలిగిన మేలేమిటి, పడవలసిన జాగ్రత్త ఏమిటి అన్న విషయం మీద నాలుగు మాటలు చెప్పమన్నారు.

1984 దాకా ఊరి లెక్కలన్నీ కరణంగారి కట్టలోనే ఉండేవి. ఆ ఏడు ఆ పదవులు రద్దయినవి. 1985లో మండలాలు వచ్చి కచేరీ కొంత దగ్గరయింది. 1998లో రిజిస్ట్రేషను ఆఫీసులకు కంప్యూటర్లు, 2011లో మీసేవ, 2019 అక్టోబరు 2న గ్రామ సచివాలయాలు వచ్చినవి. 2025 జనవరి 30న ‘మన మిత్ర’ పేరుతో వాట్సాప్‌లోనే 161 సేవలు మొదలైనవి. మన కొలిమిగుండ్లలో నాపరాయి గనికి పోయే మనిషి ఒక కాగితం కోసం దినకూలి పోగొట్టుకొని బస్సెక్కే అవసరం తగ్గింది. ఇది చిన్న మేలు కాదు.

అయితే కరణానికీ కంప్యూటరుకూ ఒక తేడా ఉంది. కరణానికి మనిషి తెలుసు. పేరులో అక్షరం తప్పినా ‘ఫలానా ఆయన కొడుకు గదా’ అనేవాడు. ఆ గుర్తును అడ్డం పెట్టుకొని ఆటాడించినవారూ లేకపోలేదు. కంప్యూటరు ముఖం చూడదు, అక్షరం చూస్తుంది. రెండు కాగితాలలో రెండు రకాలుగా ఉంటే ఇద్దరు మనుషులనుకుంటుంది.

ఈ చిక్కు మన ఇండ్లలో ఎక్కువ. జైనబ్, నజీర్, రజియా, జహీర్ అన్న పేర్లు చూడండి. ఈ నాలుగింటిలోని ‘జ’కు ఉర్దూలో నాలుగు వేరువేరు అక్షరాలు. తెలుగులో అన్నీ ఒకటే. ఇంగ్లీషులో ఒక గుమాస్తా జెడ్ వేస్తాడు, ఇంకొకాయన జె వేస్తాడు. ‘షేక్’ను ఎన్ని రకాలుగా రాస్తున్నారో మీకే తెలుసు. ఆడపిల్లకు బడిలో ‘బీ’, పెళ్లయ్యాక కార్డులో ‘బేగం’. జిల్లా, తహశీల్దారు, దస్తావేజు, ఖజానా ఇవన్నీ ఫార్సీ, ఉర్దూల ద్వారా వచ్చి తెలుగులో చక్కగా కుదురుకున్న మాటలే. మన పేర్లు మాత్రం అదే కచేరీలో ఇంకా కుదురుకోలేదు!

నష్టపోయేది స్కాలర్‌షిప్పు ఆగిన విద్యార్థి, పింఛను కోసం తిరిగే ముసలమ్మ.

కనుక బిడ్డ పుట్టిన 21 రోజులలోపు జననం నమోదు చేయించండి. అప్పటికి పేరు పెట్టకపోతే 12 నెలలలోపు రుసుము లేకుండా, 15 ఏళ్లలోపు రుసుము కట్టి చేర్పించవచ్చు. 2023 అక్టోబరు 1 నుంచి పుట్టిన పిల్లలకు బడికైనా, ఓటుకైనా, ఆధార్‌కైనా పుట్టిన తేదీకి జనన ధ్రువపత్రమే ఆధారం. అందులో పడ్డ అక్షరం జీవితాంతం వెంట వస్తుంది. పేరును ఉర్దూ, తెలుగు, ఇంగ్లీషులలో ఒక కాగితం మీద రాసుకొని ప్రతిచోటా అదే చూపించండి. ఆధార్‌లో పేరు మార్పు మామూలుగా రెండుసార్లే, పుట్టిన తేదీ ఒక్కసారే. పదో తరగతి నామినల్ రోలు పోయేముందు తల్లో తండ్రో వచ్చి చూడాలి. చదువు రానివారు చదివించుకొని వినాలి.

ప్రభుత్వానికీ బాధ్యత ఉంది. 2022లో శాసనసభ ఉర్దూను రెండవ అధికార భాషగా చేసే సవరణను ఆమోదించింది. అది కాగితం మీదే ఉండరాదు. దరఖాస్తులో పేరు ఉర్దూలో రాసే గడి ఉండాలి. ఊళ్లో విచారించి మనిషి ఒకడేనని తేల్చే అధికారం అక్కడి ఉద్యోగికి ఉండాలి.

ఏటా బడులు తెరిచేముందు ఒక ఆదివారం ఇంటింటి కార్డులు పక్కపక్కన పెట్టి సరిచూసే పని మన సంఘం పెట్టుకుంటే బాగుంటుంది. నేనూ వచ్చి కూర్చుంటాను. ఒక పెన్సిలు, కళ్లజోడు చాలు.