కాగితం అడిగితే తల వంచొద్దు

(సూళ్లూరుపేటలో ఇంటి దగ్గర పనులు చేసుకునేవాళ్ల సమావేశంలో ఒక టీచర్ ప్రసంగం)



అరుగు మీద చెప్పులు కుట్టే అన్నకీ, పంచలో మిషన్ కుట్టే అక్కకీ, వాకిట్లో ఇడ్లీలు అమ్మే అవ్వకీ లైసెన్సు భయం పట్టుకుంది. ఆ కాగితం సంగతేందో చూద్దాం.

మున్సిపాలిటీ వ్యాపార లైసెన్సుకి ఆఫీసుల్లో పాత పేరు డి అండ్ ఓ. అంటే ‘ప్రమాదకర, అసహ్యకర’ వృత్తులు. తెల్లదొరల నాటి మాట. మంట, విషం ఉన్నచోట నిబంధన ఉండాల్సిందే. కానీ తోలు పనిని ఊరు ఏమన్నదో చట్టమూ అదే అనాల్నా? చెప్పు అందరికీ కావాలి, కుట్టే చెయ్యి అసహ్యమా?

పరిశ్రమలకి 21 పనిదినాల్లో అనుమతులిస్తామని 2015లో రాష్ట్రం సింగిల్ డెస్క్ పెట్టింది. అవ్వకి మాత్రం కాగితానికో ఆఫీసు!

మన చేతిలో ఉన్నవి వినండి.

ఒకటి: వీధి వ్యాపారులకి 2014 చట్టం ఉంది. సర్వే చేసి సర్టిఫికెట్లు ఇచ్చేదాకా ఎవర్నీ లేపకూడదు. పట్టణ వెండింగ్ కమిటీలో నూటికి 40 వంతులకు తగ్గకుండా వ్యాపారులు ఎన్నుకున్నవాళ్లే ఉండాలి. అందులో మూడోవంతు ఆడవాళ్లు. దళితులకీ చోటివ్వాలి.

రెండు: తిండి అమ్మే చిన్నవాళ్లకి 2006 చట్టం కింద లైసెన్సు అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ చాలు.

మూడు: 2020లో వచ్చిన ఉద్యమ్ నమోదుకి ఫీజు లేదు. బ్రోకరుకి పైసా ఇవ్వొద్దు. అయితే అది లైసెన్సు కాదు, బ్యాంకు అప్పుకి ఆధారం.

ఆఫీసరు ఆపితే ఏ సెక్షనో రాసిమ్మనండి. డబ్బు కడితే రసీదు అడగండి. ఒంటరిగా పోతే బెదిరిస్తారు. పదిమందిమి కలిసి పోదాం.

జై భీమ్!