చత్వారము – తుపాకి గురి

నలువది యేండ్లు దాటినవారు పంచాంగమును చేయి చాచి దూరముగా పట్టి చదువుట మన యిండ్లలో అందరెరిగినదే. దీనినే చత్వారమందుము. కంటిలోని కటకము మెత్తదనము కోల్పోయి, దగ్గరి వస్తువునకు తగినట్లు రూపము మార్చుకొనలేకపోవుటయే దీనికి కారణము. పుస్తకము పట్టినవారికిది చిన్న చిక్కు. తుపాకి పట్టినవారికి పెద్ద చిక్కు.

సైన్యమునుండి విశ్రాంతి పొంది, విజయవాడలోను కృష్ణా డెల్టా పట్టణములలోను బ్యాంకులకడ తుపాకితో కాపలా కాయు పెద్దలను మనము చూచుచున్నాము. మేము చెప్పబోవునది ముఖ్యముగా అట్టివారికొరకే.

రైఫిలుతో గురిచూచువారు వెనుకటి గాడిని, గొట్టము కొననున్న బొడిపెను, ఎదుటి లక్ష్యమును ఒక వరుసకు తేవలెను. ఏ వయసు కన్నైనను ఈ మూడింటిని ఒక్కసారి స్పష్టముగా చూడజాలదు. యువకుని కన్ను ఒకదానినుండి మరియొకదానికి క్షణములో మారును; పెద్దవారి కన్ను మారలేదు. కావున ఒక్కదానినే యెన్నుకొనవలెను. అది కొననున్న బొడిపె. గాడికిని బొడిపెకును నడుమ 60 సెంటీమీటర్లున్న తుపాకిలో, బొడిపె 1 మిల్లీమీటరు తొలగినచో 60 మీటర్ల దూరమున తూటా 10 సెంటీమీటర్లు తొలగును.

చదువు అద్దము లిందుకు చాలవు. అవి సుమారు 40 సెంటీమీటర్ల దూరమునకు కుదిర్చినవి. బొడిపె అంతకంటె దూరమున నుండును. రెండు భాగముల అద్దములైనచో తల యెత్తవలసివచ్చి, చెంప తుపాకి మడమనుండి తొలగును. తూటాలు తీసివేసిన తుపాకిని భుజమున నుంచి, కంటినుండి బొడిపెవరకు గల దూరమును మరియొకరిచే కొలిపించి, ఆ కొలతను కంటివైద్యునికి చెప్పవలెను.

సన్నని రంధ్రముగుండ చూచినను మసక తగ్గును. 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడలలో మూడు స్వర్ణములు గెలిచిన మన విజయవాడ విలుకత్తె జ్యోతి సురేఖ వాడు కాంపౌండ్ వింటి నారిలోను అట్టి రంధ్రమే యుండును. అయితే రంధ్రము వెలుగును తగ్గించును గనుక మునిమాపువేళ అక్కరకు రాదు.

వయసు మాత్రమే గురికి శత్రువు కాదు. స్వీడను దేశీయుడు ఆస్కార్ స్వాన్ 72 ఏండ్ల వయసున, 1920 ఆంట్వెర్ప్ ఒలింపిక్ క్రీడలలో, తుపాకి పందెమున జట్టుతో రజతపతకము గెలిచెను. కాని కంటిలో శుక్లము ముదిరినచో ఏ ఉపాయమును పనికిరాదు, చికిత్స చేయించుకొనవలెను.

కడపట ఒక్కమాట. బొడిపె స్పష్టముగా కనిపించినంతమాత్రమున చాలదు. ఎదుటనున్నవారెవరో, వారి వెనుక నెవరున్నారో పోల్చుకొనలేని కన్ను గలవారు, వైద్యుడు సరియని చెప్పువరకు తుపాకిని మరియొకరికి అప్పగింపవలెను. కొలువు పోవునను భయముతో ఈ సంగతి దాచినచో, దారిన పోవువారి ప్రాణమునకే ముప్పు వచ్చును. ఇంటివారును ఈ మాట వారికి మెల్లగా చెప్పవలెను.