మాట్లాడడం, మాట్లాడుకోవడం



మన తెలుగులో మాట్లాడడం వేరు, మాట్లాడుకోవడం వేరు. మొదటిది ఒక్కరితోనే జరిగిపోతుంది. రెండవదానికి ఇద్దరు కావాలి. ఈ దక్షిణాఫ్రికా నేలపై మనం మొదటిది బాగానే చేశాము. రెండవది ఎంత చేశామో ఆలోచించుకోవాలి.

1860 నవంబరు 16న మద్రాసు నుంచి ‘ట్రూరో’ ఓడ డర్బన్ రేవు చేరింది. అప్పటి నుంచి 1911 దాకా ఒప్పంద కూలీలుగా నాటాల్‌కు వచ్చినవారిలో మన తాతముత్తాతలున్నారు. జూలూ ప్రజల నడుమ వారికి అలవడిన భాష ఫనగలో. అది పని చెప్పడానికి, బేరమాడడానికి సరిపోయేది. కష్టసుఖాలు చెప్పుకోవడానికి చాలేది కాదు.

1947 మార్చి 9న డాక్టర్ క్సూమా, డాక్టర్ నాయకర్, డాక్టర్ దాదూ కలిసి ఆఫ్రికన్లు, భారతీయులు ఒక్కటిగా పనిచేయాలని ఒప్పందం చేసుకొన్నారు. గొప్ప పనే. కాని ఆ మాట వీధిదాకా రాలేదు. 1949 జనవరి 13న డర్బన్‌లో ఒక భారతీయ దుకాణదారుకు, ఒక ఆఫ్రికన్ కుర్రవాడికి వచ్చిన తగవు ఊరంతా అంటుకొంది. 142 మంది చనిపోయారు. జాతుల మధ్య గోడలు కట్టినది పాలకులే, నిజమే. అయినా కేటో మేనర్‌లో నేల మనవారిది, గుడిసెలో అద్దెకున్నది ఆఫ్రికన్లు. అద్దె అడిగేటప్పుడు మాట్లాడాము. మిగతా రోజుల్లో మాట్లాడుకొన్నామా? ఆ అల్లర్లలోనే భారతీయ పొరుగువారిని దాచి కాపాడిన ఆఫ్రికన్లూ ఉన్నారు.

తరువాత 1952లో ఇరుపక్షాల కాంగ్రెసులు కలిసి అన్యాయ చట్టాలను ధిక్కరించాయి. కలిసి జైళ్ళకు వెళ్ళారు. అయినా 2021 జూలైలో ఫీనిక్స్‌లో 30 మందికి పైగా ప్రాణాలు పోయాయి. వారిలో ఎక్కువమంది ఆఫ్రికన్లు. ఈ మాట మన సభలో మనమే చెప్పుకోకపోతే, పొరుగువారితో ఏ ముఖం పెట్టుకొని మాట్లాడగలం?

కనుక మనం చేయవలసిన పనులు చిన్నవే. మన పిల్లలు తెలుగుతోపాటు జూలూ కూడా చక్కగా నేర్వాలి. సొంత భాష జారిపోతుంటే కలిగే బాధ మనకు తెలుసు. పొరుగువాని భాష విలువ మనకు వేరే చెప్పనక్కరలేదు. పండుగకు పిలిచిన అతిథిని ముందు వరుసలో కూర్చోబెట్టి దండ వేసి పంపితే చాలదు. మన మీద వారికున్న కోపమేమిటో అడగాలి. జవాబు వెదకకుండా చివరిదాకా వినాలి. ఆ తరువాత మన భయాలు, మన బాధలు దాచకుండా చెప్పాలి.

జూలూలో ‘సావుబోనా’ అని పలకరిస్తారు. ‘మేము నిన్ను చూశాము’ అని దాని అర్థం. నూటఅరవై ఏళ్ళకు పైగా పక్కపక్కనే ఉన్నాము. ఇకనైనా ఒకరినొకరం చూచుకొందాము, మాట్లాడుకొందాము.