పదిహేనా, యాభయ్యా?

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

"నీ వృత్తి గురించి కాసేపు మాట్లాడు" అని కమిటీవారు ఫోన్ చేసి చెప్పారు. నేను అమెరికాలో, టెక్సస్ రాష్ట్రంలో సివిల్ ఇంజనీరుని. పాతబడిన కాంక్రీటు కట్టడాల్లో పగుళ్ళు ఎందుకు వచ్చాయో చూసి చెప్పడం నా పని. పగుళ్ళ గురించి మాట్లాడటం మొదలుపెడితే భోజనాల దాకా ఇక్కడ ఎవరూ మిగలరు. అందుకని నా వృత్తిని పక్కనబెట్టి, నాకు బుద్ధి చెప్పిన ఇంకొకరి వృత్తి గురించి మాట్లాడతాను. వాళ్ళను కోర్టు రిపోర్టర్లు అంటారు. పత్రికా విలేకరులు కాదు. కోర్టులో ప్రతివాళ్ళూ అన్న ప్రతి మాటనూ అన్నది అన్నట్టు రాసేవాళ్ళు.

మన దగ్గర కోర్టులో సాక్షి చెప్పేది సాధారణంగా కథనంలాగా రికార్డు చేస్తారు. సాక్షి చెప్పినదాని సారాంశాన్ని న్యాయమూర్తి చెబుతూ ఉంటే పక్కన స్టెనోగ్రాఫరో టైపిస్టో దించుకుంటారు. అవసరమనుకుంటే ప్రశ్న, జవాబు రూపంలో రాయించే అధికారమూ ఆయనకు ఉంది. అమెరికాలో పద్ధతి వేరు. అక్కడ ప్రశ్నా, జవాబూ, వకీళ్ళ అభ్యంతరాలూ అన్నీ పొల్లుపోకుండా ఎక్కుతాయి. కేసు విచారణకు రాకముందే వకీళ్ళు సాక్షిని ఒక ఆఫీసు గదిలో కూర్చోబెట్టి ప్రశ్నిస్తారు. దాన్ని డిపోజిషన్ అంటారు. ఆ గదిలో జడ్జి ఉండడు. సాక్షి చేత ప్రమాణం చేయించేదీ రాసేదీ కోర్టు రిపోర్టరే. ఫెడరల్ కోర్టు కేసైతే మామూలుగా ఒక సాక్షిని ఒక రోజులో 7 గంటలకు మించి ప్రశ్నించకూడదని నిబంధన. 7 గంటలంటే తక్కువేమీ కాదని అక్కడ కూర్చున్నవాడికే తెలుస్తుంది.

కొన్నేళ్ళ క్రితం ఒక పార్కింగ్ గరాజు కేసులో నన్నలా కూర్చోబెట్టారు. స్లాబులో పగుళ్ళు పడ్డాయి. వెళ్ళి కొలిచి రిపోర్టు ఇచ్చినవాణ్ణి నేను. ఎదుటిపక్షం వకీలు "వెడల్పు ఎంత?" అని అడిగాడు. "ఫిఫ్టీన్" అన్నాను. అంగుళంలో వెయ్యో వంతులు పదిహేను. అంటే మిల్లీమీటరులో సగం కూడా లేదు. ఆయన తరవాతి ప్రశ్నలోకి వెళ్ళబోతుంటే మూలన కూర్చుని మెషిన్ నొక్కుతున్న ఆవిడ చెయ్యెత్తి ఆపింది. అరవై ఏళ్ళ మనిషి. "క్షమించాలి. ఒకటీ ఐదా, ఐదూ సున్నానా?" అంది.

నాకు చెవులు వేడెక్కాయి. ముప్ఫై ఏళ్ళుగా ఆ దేశంలో ఉంటున్నాను. నా ఇంగ్లీషు ఇంకా అర్థం కాలేదా అనిపించింది. "ఒకటీ ఐదు" అని కాస్త విసురుగానే చెప్పాను. అప్పుడు వకీలు తన కాగితం వైపు చూసుకున్నాడు. ఆయన "50" అని రాసుకుని ఉన్నాడు. దాన్ని కొట్టేసి దిద్దుకోవడం నేను చూశాను.

ఇంజనీర్లు కానివారి కోసం చెబుతాను. 15 అయితే కాంక్రీటులో తరచు కనిపించే పగులు, కనిపెట్టి ఉంటే సరిపోవచ్చు. 50 అయితే లోపల ఇనుము సంగతి ఏమిటో వెంటనే చూడాల్సిన పగులు. నా రిపోర్టులో 15 అని ఉంది. ప్రమాణం చేసి చెప్పిన సాక్ష్యంలో 50 అని పడి ఉంటే, నా మాటను నేనే కాదన్నట్టు అయ్యేది. తర్వాత ప్రతిని చదివి దిద్దుకోవడానికి అవకాశం ఇస్తారు, నిజమే. కానీ ముందు 50 అని తర్వాత 15 అని దిద్దిన సాక్షిని ఎదుటి వకీలు ఊరికే వదలడు.

మధ్యాహ్నం భోజన విరామంలో ఆవిడే నా దగ్గరికి వచ్చింది. "మీ ఉచ్చారణను తప్పు పట్టానని అనుకోకండి. థర్టీన్, థర్టీ, ఫిఫ్టీన్, ఫిఫ్టీ — ఇక్కడే పుట్టినవాళ్ళు చెప్పినా ఒక్కోసారి తేలదు. అంకెలు విడివిడిగా అడగమని మాకు క్లాసులో చెప్పారు" అంది. ఏం క్లాసు అని అడిగాను. సంఘం సమావేశంలో పెట్టిన క్లాసు అంది. ఆవిడ ఆ పనిలోకి వచ్చి 31 ఏళ్ళు. ఇంకా క్లాసులకు వెళుతోంది.

అక్కడి నుంచి ఆ వృత్తి గురించి తెలుసుకోవాలన్న కుతూహలం పట్టుకుంది.

ముందు ఆ మెషిన్ సంగతి. దాని పేరు స్టెనోటైప్. మీటలు 22 మాత్రమే. మన టైపు మెషిన్‌లాగా ఒక్కో అక్షరం కొట్టరు. హార్మోనియం మీద స్వరాలు కలిపి నొక్కినట్టు కొన్ని మీటలు ఒకేసారి నొక్కుతారు. ఎడమచేతి వేళ్ళకు మొదటి హల్లులు, బొటనవేళ్ళకు అచ్చులు, కుడిచేతి వేళ్ళకు చివరి హల్లులు. ఒక్క నొక్కుతో ఒక శబ్దం మొత్తం పడుతుంది. మన గుణింతం వచ్చినవాళ్ళకు ఈ లెక్క తేలిగ్గా అర్థమవుతుంది.

వాళ్ళకొక జాతీయ సంఘం ఉంది: నేషనల్ కోర్ట్ రిపోర్టర్స్ అసోసియేషన్. 1899లో షార్ట్‌హ్యాండ్ రిపోర్టర్ల సంఘంగా మొదలైంది. అందులో చేరి తీరాలని చట్టమేమీ లేదు. లైసెన్సు ఇవ్వడం, ఇవ్వకపోవడం ఆయా రాష్ట్రాల వ్యవహారం. ఇది ఇష్టపడి చేరే సంఘం. ఆ సంఘం ఇచ్చే యోగ్యతాపత్రాల్లో బాగా పేరున్నది రిజిస్టర్డ్ ప్రొఫెషనల్ రిపోర్టర్ అనేది. దానికి ఒక రాతపరీక్ష, మూడు వేగపరీక్షలు ఉంటాయి. మామూలు వచనం నిమిషానికి 180 పదాలు, జడ్జి జూరీకి చెప్పే సూచనలు 200 పదాలు, సాక్షి ప్రశ్నోత్తరాలు 225 పదాలు. ఒక్కొక్కటి 5 నిమిషాలు. నూటికి 95 పాళ్ళు సరిగ్గా రావాలి. పోల్చుకోవడానికి చెబుతున్నాను: మన స్టాఫ్ సెలక్షన్ కమిషన్ స్టెనోగ్రాఫర్ పరీక్షల్లో వేగం 80, 100 పదాలు. అది చేత్తో రాసే షార్ట్‌హ్యాండ్, ఇది మెషిన్. రెండూ కష్టమే.

మా అక్క ఈ ఊళ్ళోనే టైపు ఇన్‌స్టిట్యూట్‌కి వెళ్ళి లోయరు, హయ్యరు రెండూ పాసయింది. సర్టిఫికెట్ ఫ్రేము కట్టించి నాన్న గోడకు తగిలించారు. అది ఇప్పటికీ అక్కడే ఉంది. ఆ తర్వాత దాని గురించి ఆమెను ఎవరూ ఏమీ అడగలేదు. ఆ రిపోర్టర్ల యోగ్యతాపత్రం అలా గోడకు తగిలించి మరిచిపోయేది కాదు. ప్రతి మూడేళ్ళకూ 3.0 యూనిట్లు, అంటే 30 గంటల చదువు చూపాలి. సభ్యత్వం కొనసాగించాలి. చూపకపోతే పేరు పక్కన ఆ మూడక్షరాలు పెట్టుకునే హక్కు పోతుంది. ఆ చదువులో వైద్యపరిభాష ఉంటుంది, న్యాయపరిభాష ఉంటుంది, వ్యాకరణం, కొత్త సాఫ్ట్‌వేర్, వృత్తినీతి ఉంటాయి. వృత్తినీతిలో మొదటి పాఠం ఎవరి పక్షమూ వహించకపోవడం. డబ్బిచ్చేది ఏ వకీలైనా, రాసేది ఇద్దరికీ ఒక్కటే.

నాకు ఇందులో కొత్తేముంది అని మీరు అడగవచ్చు. టెక్సస్‌లో ఇంజనీరు లైసెన్సుకు కూడా ఏడాదికి 15 గంటల చదువు తప్పనిసరి. అందులో కనీసం 1 గంట వృత్తినీతి. పూర్తిచేశామని మనమే సంతకం పెట్టాలి. కాగితాలు మన దగ్గర ఉంచుకోవాలి, బోర్డువారు తనిఖీకి అడిగితే చూపాలి.

ఇక్కడ మా మాస్టార్లు ఉన్నారు కాబట్టి అబద్ధం చెప్పను. చాలా ఏళ్ళు నేనా 15 గంటలు ఎలా పూర్తిచేశానంటే, కంప్యూటర్‌లో పాఠం పెట్టి, శబ్దం తగ్గించి, పెరట్లో గడ్డి కోసుకునేవాణ్ణి. మధ్యలో వచ్చి ఒక మీట నొక్కితే "హాజరు" పడేది. వృత్తినీతి గంటకూడా అలాగే గడిపాను. దాని కింద నా సంతకం ఉంది. సంఘానికి చందా కట్టాను, పేరు పక్కన అక్షరాలు పెట్టుకున్నాను, సభ్యుణ్ణని చెప్పుకున్నాను. ఎవరూ పట్టుకోలేదు.

ఆ రోజు ఆవిడ కూడా ఆ క్లాసులో నాలాగే కూర్చుని ఉంటే, నా ఫిఫ్టీన్ ఫిఫ్టీ అయ్యేది. ఎక్కడో ఒక హాల్లో, ఏదో ఒక మధ్యాహ్నం, ముందు ముందు ఎదురయ్యే ఒక ముక్కూమొహం తెలియని తెలుగువాడి కోసం ఆవిడ శ్రద్ధగా వింది. నేను కోసుకున్న గడ్డి గంటల్లో ఎవరికి అందాల్సింది అందకుండా పోయిందో నాకు ఎప్పటికీ తెలియదు. నేను చూసిన కట్టడాల కింద మనుషులు కార్లు పెట్టుకుంటారు, పిల్లలను దింపుతారు. ఆ ఆలోచన వచ్చిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

అప్పటి నుంచి పాఠం వింటున్నాను. కాగితం, కలం పెట్టుకుని రాసుకుంటున్నాను. కొన్ని పాఠాలు విసుగ్గానే ఉంటాయి, దాచను. కానీ పోయినేడు విన్న ఒక గంటవల్ల, నేను పాతికేళ్ళుగా ఒకేలా రాస్తున్న ఒక సిఫారసు మార్చుకున్నాను.

సాయంత్రం బయల్దేరేముందు ఆవిడ నాలుగు మాటలకు స్పెల్లింగ్ అడిగింది. అన్నీ కాంక్రీటు మాటలే. తర్వాత నా పేరు చూపించి "ఇందులో ఇంటిపేరు ఏది? ముందున్నదా, వెనకున్నదా?" అని అడిగింది. ముప్ఫై ఏళ్ళలో ఆ దేశంలో నన్ను ఆ ప్రశ్న అడిగి రాసుకున్నవాళ్ళు చాలా తక్కువ.

అప్పుడు నాకు మన ఏడో తరగతి గది గుర్తొచ్చింది. తెలుగు మాస్టారు ఉక్తలేఖనం చెప్పేవారు. వాక్యం రెండుసార్లు చదివేవారు. వినబడనివాడు లేచి అడగాలి. అడిగినవాణ్ణి ఎప్పుడూ కోప్పడలేదు. పక్కవాడి పుస్తకంలోకి తొంగిచూసినా, తోచింది రాసినా మాత్రం బెత్తం లేచేది. ఆ బెత్తం రుచి తెలిసినవాళ్ళు ఈ సభలో చాలామంది ఉన్నారు. నేను వేలమైళ్ళు వెళ్ళి, పెద్ద జీతం తీసుకుంటూ, అడగాల్సినచోట అడగడం మరిచిపోయాను. ఆవిడ మరిచిపోలేదు.

మాటలు గుర్తుపట్టి రాసే కంప్యూటర్లు ఇప్పుడు వచ్చాయి కదా అని మా అబ్బాయి అంటాడు. వచ్చాయి, నేనూ వాడుతున్నాను. తోచింది రాసేసి ముందుకు పోకుండా, గదిలో అందరినీ ఆపి "పదిహేనా, యాభయ్యా?" అని అడిగే బాధ్యత మాత్రం ఎవరో ఒకరు నెత్తిన వేసుకోవాలి.

చివరగా మన సంఘం గురించి ఒక మాట. నేను జీవిత సభ్యుణ్ణి. ఒకసారి డబ్బు కట్టి రసీదు తీసుకున్నాను. ఆ తర్వాత ఇన్నేళ్ళలో సంఘానికి నేను చేసింది వాట్సాప్‌లో పండగ శుభాకాంక్షలు పంపడం. మీలో కొందరు నాకు తోడుంటారని నా ధైర్యం.

ఆ రిపోర్టర్లు ఇంకో పని చేస్తారు. మాజీ సైనికుల అనుభవాలను దాచిపెట్టడానికి అమెరికన్ కాంగ్రెస్ 2000లో ఒక పథకం పెట్టింది. ఆ ముసలివాళ్ళు చెప్పిన మాటల రికార్డింగులను విని, ఉన్నది ఉన్నట్టు రాసిపెట్టిన కోర్టు రిపోర్టర్లు చాలామంది ఉన్నారు. మనకు పాఠాలు చెప్పిన మాస్టార్లలో, టీచర్లలో ఇప్పుడు ఎనభై దాటినవారు ఈ వేదిక మీదే ఉన్నారు. ఈ బడి ఎలా మొదలైందో, వర్షం వస్తే క్లాసులు ఎక్కడ జరిగేవో, ఫీజు కట్టలేని పిల్లల ఫీజు ఎవరు కట్టేవారో వాళ్ళకే తెలుసు. ఈ సంచికలో వాళ్ళ ఫోటోలు వేశాం. వాళ్ళ మాటలు ఇంకా ఎక్కడా లేవు.

నేను ఇంకో మూడు వారాలు ఊళ్ళోనే ఉంటాను. ఒప్పుకున్న ప్రతి మాస్టారి ఇంటికీ వెళ్ళి, వారు చెప్పింది రికార్డు చేసి, నా చేత్తో తెలుగులో రాసి, వారికే చదివి వినిపించి దిద్దించుకుంటాను. ఏడాదిలో 15 గంటలు దీనికి పెడతానని మీ అందరి ముందు మాటిస్తున్నాను. ఈసారి శబ్దం తగ్గించను. నాతో వచ్చేవాళ్ళు భోజనాల దగ్గర పేరు ఇవ్వండి.

మాస్టారూ, వినబడకపోతే లేచి అడుగుతాను.