గాయకులు పొలములకు వెళ్లిపోకుండ

(శతవార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ సభలో మాకు ఇచ్చిన అంశము ‘సంఘము – సంగీతము’. ఈ నూరేండ్లలో మన అధ్యక్ష మండలము కట్టిన బడులను గురించి, ఆసుపత్రులను గురించి, మందిరములను గురించి పెద్దలు ఇదివరకే మాట్లాడినారు. మేము ఒక్క చిన్న మనవి చేయుటకు నిలిచియున్నాము. పదవ తరగతిగాని ఇంటర్మీడియట్ గాని ముగించి, కళాశాలలో సంగీతము చదువగోరు మన పిల్లలకు అధ్యక్ష మండలము విద్యార్థి వేతనము ఇవ్వవలెను. ఈ మనవికి ముందు మేము ఒక ఒప్పుకోలు చేయవలసియున్నది.

సుమారు పదునైదు సంవత్సరముల క్రితము మేము ఒక గ్రామ పాస్టరేటులో పరిచర్య చేయుచున్నాము. ఆ సంఘములో ఒక తాపీమేస్త్రి కుమార్తె ఉండేది. నాయనమ్మ ప్రక్కన కూర్చుండి విని విని, చాలా కీర్తనలు పుస్తకము తెరువకుండానే పాడేది. హార్మోనియము వాయించు పెద్దాయన శ్రుతి తప్పిన దినమున ఆ పిల్ల ముఖము చిట్లించుకొనేది. ఆమె ఇంటర్మీడియట్ రెండవ సంవత్సరములో ఉండగా, క్రిస్మసు ఆరాధనకు వచ్చిన ఒక సంగీతోపాధ్యాయుడు ఆమె పాట విని, “ఈ అమ్మాయిని సంగీత కళాశాలకు పంపండి” అని తండ్రితో చెప్పినాడు. పండుగ వెళ్లిన మరునాడే తండ్రి మా ఇంటికి వచ్చినాడు. కళాశాల ఫీజు అతనికి అంత భారము కాదు. పట్టణములో ఆడపిల్ల ఉండుటకు హాస్టలు ఖర్చు, రాకపోకలకు బస్సు ఛార్జీలు, వీణయో వయొలినో కొనవలసిన డబ్బు, ఇవి భారము. “అయ్యగారూ, సంఘము నుండి ఏమైనా సహాయము దొరుకుతుందా?” అని అడిగినాడు.

“సంగీతము అన్నము పెట్టదు నాయనా. ముందు ఉద్యోగానికి పనికివచ్చే చదువు చదివించు. పాటదేమున్నది, ఆదివారము మందిరములో పాడుకోవచ్చు” అన్నాము. అతడు వాదించలేదు. “మీరు చెప్పినదే న్యాయము అయ్యగారూ” అని చెప్పులు తొడుగుకొని వెళ్లిపోయినాడు. ఆ సంవత్సరమే మా సిఫారసు ఉత్తరముతో ఇద్దరు అమ్మాయిలు నర్సింగు చదువుకు సహాయము పొందినారు. సంగీతము కొరకు కూడ అటువంటి ఉత్తరము వ్రాయవచ్చునని మాకు తోచలేదు.

గత సంవత్సరము ఆ గ్రామమునకే ఒక భూస్థాపన ఆరాధనకు వెళ్లినాము. మరణించిన అవ్వ కోరుకొన్న పాత కీర్తనను ఎత్తుకొనుట అక్కడ ఎవరికిని రాలేదు. కీబోర్డు వాయించు కుర్రవాడు చేతులు ఒడిలో పెట్టుకొని కూర్చున్నాడు. అప్పుడు వెనుక వరుసలోని స్త్రీల మధ్యనుండి ఒక స్వరము లేచినది. ఆమెయే. ఇప్పుడు పట్టణములో బట్టల దుకాణములో పని చేయుచున్నది. ఆమె వెంట అందరు పాడినారు. ఆరాధన ముగిసిన తరువాత, “అమ్మా, ఈ కీర్తనలు పిల్లలకు నేర్పరాదా?” అని అడిగినాము. “నాయనమ్మ పాడిన తీరు తప్ప నాకేమి తెలుసు అయ్యగారూ? పాట పైన రాగము, తాళము అని అచ్చు వేసి ఉంటుంది. అదేమిటో నాకు తెలియదు. నేను తప్పు నేర్పితే పిల్లలకు తప్పే నిలిచిపోతుంది” అన్నది.

ప్రియులారా, ఆ మాట మమ్మును నిద్రపోనివ్వలేదు. తప్పు నేర్పుదునేమో అని భయపడు మనస్సు ఉత్తమ ఉపాధ్యాయుని మనస్సు. ఆ మనస్సున్న బిడ్డను మా సలహాయే ఉపాధ్యాయురాలు కాకుండ చేసినది.

మన ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకమును తెరచి చూడండి. కీర్తన పైన రాగము పేరు, తాళము పేరు ఉండును. పల్లవి, అనుపల్లవి, చరణములు అను క్రమము ఉండును. పురుషోత్తమ చౌదరిగారు (1803–1890) మొదలైన మన తొలి కీర్తనకారులు ఈ దేశపు రాగములలో, ఈ దేశపు తాళములలో సువార్తను పాడినారు. అక్షరము రాని కూలివాడు కూడ ఆ కీర్తనల ద్వారానే వేదాంతము నేర్చుకొన్నాడు. నేడు ఆ రాగముల పేర్లు పుస్తకములో ఉన్నవి గాని, వాటిని చదివి పాడగలవారు ఎందరున్నారు? మేము వేదాంత కళాశాలలో గ్రీకు, హెబ్రీ భాషలకు పరీక్షలు వ్రాసినాము. సంగీతము మాత్రము సాయంకాలపు గాయక బృంద సాధనగానే మిగిలినది. అందుచేత ఈ నింద ముందుగా మా మీదనే వేసుకొనుచున్నాము.

కీబోర్డును తప్పుపట్టుట మా ఉద్దేశము కాదు. మీట నొక్కగానే తాళము దానంతట అదే పలుకును. అయితే ఆ తాళము ఈ కీర్తనకు తగునా తగదా అని చెప్పగల మనిషి ప్రక్కన ఉండవలెను. యంత్రము కొనుటకు చందాలు వేసుకొన్న సంఘములు, మనిషిని తయారుచేయుటకు చందా వేసుకొనలేదు.

లేఖనము ఈ విషయమున ఏమి చెప్పుచున్నది? దావీదు లెక్కించిన లేవీయులు 38,000 మంది. వారిలో 4,000 మందిని వాద్యములతో స్తుతించుటకు ఏర్పరచినాడు. దినవృత్తాంతముల మొదటి గ్రంథము 25వ అధ్యాయములో, గానమునందు నేర్పరులైనవారు 288 మంది అని ఉన్నది. ఇరువదినాలుగు వంతులు, వంతుకు పన్నిద్దరు. వారిలో గురువులున్నారు, శిష్యులున్నారు. అనగా దేవాలయ సంగీతము నేర్చుకొనవలసిన విద్య, నేర్పవలసిన విద్య. అదే గ్రంథము 9వ అధ్యాయములో, గాయకులు రాత్రింబగళ్లు తమ పనిలోనే ఉండుటచేత వారికి ఇతర పనులు లేకుండెనని వ్రాయబడియున్నది.

ఇక నెహెమ్యా 13వ అధ్యాయము చూడండి. నెహెమ్యా తిరిగి యెరూషలేమునకు వచ్చునప్పటికి లేవీయులు, గాయకులు దేవాలయములో లేరు. ఎవరి పొలమునకు వారు వెళ్లిపోయినారు. వారికి భక్తి తగ్గిపోయినదని లేఖనము చెప్పలేదు. వారికి రావలసిన పాళ్లు ఇవ్వబడలేదని చెప్పినది. నెహెమ్యా గాయకులను గద్దించలేదు, అధికారులను గద్దించినాడు. ఆ బట్టల దుకాణమును తలచుకొనినప్పుడెల్ల మాకు ఈ అధ్యాయమే గుర్తుకు వచ్చును. ఆమె తన పొలమునకు వెళ్లిపోయినది. పాలు ఇవ్వనివారము మేము.

సంఘము ఒక బీద బాలుని గొంతుకు అన్నము పెట్టినందున లోకమంతటికి మేలు కలిగిన ఉదాహరణ ఒకటి చెప్పుదుము. జర్మనీ దేశమందలి ఐసెనాక్ పట్టణములో మార్టిన్ లూథర్ చదువుకొను దినములలో ఇంటింటి ముందు పాడి రొట్టె సంపాదించుకొనెను. అదే పట్టణములో 1685లో యొహాన్ సెబాస్టియన్ బాఖ్ జన్మించినాడు. పది ఏండ్లు నిండకముందే తల్లిని, తండ్రిని పోగొట్టుకొని అన్న ఇంట పెరిగినాడు. 1700లో, పదునైదవ ఏట, లూనెబర్గ్ పట్టణములోని సెయింట్ మైకేల్ పాఠశాలలో చేరినాడు. మంచి స్వరముగల బీద బాలురకు అక్కడ చదువు, వసతి, కొద్దిపాటి వేతనము ఇచ్చెడివారు. దానికి బదులుగా వారు దేవాలయములో పాడవలెను. బాఖ్ చేరిన కొద్దికాలమునకే అతని గొంతు మారిపోయినది. అయినను చదువు ఆగలేదు. వాద్యములతో అక్కరకు వచ్చినాడు. ఆ బాలుడే 1723 నుండి 1750లో మరణించువరకు లీప్‌జిగ్ సెయింట్ థామస్ దేవాలయ గాయకాచార్యుడుగా ఉండి, నేటికిని సర్వలోక సంఘము పాడుకొను సంగీతమును ఇచ్చినాడు. ఆనాడు ఏ పెద్దమనిషియో మావలె “సంగీతము అన్నము పెట్టదు” అని అతనిని వెనుకకు పంపియుండిన ఏమగును?

మన తెలుగు దేశములోను ఇట్టి సంగతులున్నవి. విజయనగరములో 1919లో మహారాజావారు సంగీత కళాశాల స్థాపించినారు. తమ కొలువులోని ఒక ఉద్యోగి కుమారుడు, చూపులేని బాలుడు, సంగీతముపై చూపిన మక్కువయే దానికి కారణమని చెప్పుదురు. ఒక్క బిడ్డ కొరకు తెరచిన తలుపు వేలమందికి త్రోవ అయినది. 1922లో జన్మించిన ఘంటసాల వేంకటేశ్వరరావుగారు, తండ్రిని పోగొట్టుకొన్న బీద బాలుడుగా, సంగీతము కొరకు ఆ ఊరికే వెళ్లినారు. ఇంటింట మధూకరము ఎత్తి తిన్నారు. పట్రాయని సీతారామశాస్త్రిగారు డబ్బు తీసుకొనక పాఠము చెప్పినారు. నేడు విజయవాడలోని ప్రభుత్వ సంగీత కళాశాలకు ఆయన పేరే ఉన్నది. పిల్లవాని పట్టుదల గొప్పదని మనము మెచ్చుకొందుము. కాని ప్రతి బిడ్డయు జోలె పట్టి చదువుకొనవలెనని కోరుట క్రైస్తవ ధర్మము కాదు.

ప్రభుత్వ సహాయము లేదా అని అడుగవచ్చును. ఉన్నది. కేంద్ర ప్రభుత్వ సాంస్కృతిక వనరుల శిక్షణ సంస్థ 1982 నుండి 10 మొదలు 14 ఏండ్లలోపు పిల్లలను ఎంపిక చేసి కళలలో విద్యార్థి వేతనము ఇచ్చుచున్నది. కేంద్ర సాంస్కృతిక మంత్రిత్వ శాఖ పథకము మరియొకటి 18 మొదలు 25 ఏండ్ల యువ కళాకారులకు నెలకు 5,000 రూపాయల చొప్పున రెండేండ్లు ఇచ్చునట్లు ఏర్పడినది. అయితే దానికి అప్పటికే గురువువద్ద ఐదేండ్ల శిక్షణ అయియుండవలెను. మన పల్లె పిల్లల సంగతి ఆలోచించండి. పదేండ్ల వయస్సున దరఖాస్తు చేయించు తెలిసినవారు వారికి లేరు. పదునెనిమిదవ ఏట చూపుటకు ఐదేండ్ల శిక్షణ లేదు. రెండు పథకముల నడుమ ఉన్న ఆ ఖాళీలోనే మన తాపీమేస్త్రి కుమార్తె జారిపోయినది. ఆ ఖాళీని సంఘము పూడ్చవలెను.

కొందరు పెద్దలు మాతో, “సంగీత కళాశాలలో త్యాగరాజ కీర్తనలు నేర్పుదురు గదా, మన పిల్లల విశ్వాసము ఏమగును?” అన్నారు. వారి భయమును మేము చులకన చేయము. కాని స్వరములు ఏడింటిని చేసినవాడు దేవుడే. మన తొలి కీర్తనకారులు ఈ నేలమీది సంగీతము ఎరిగినవారు గనుకనే మనకు కీర్తనలు దొరికినవి. విశ్వాసములో స్థిరపరచి పంపుట మన పని. పంపకపోవుట పరిష్కారము కాదు.

కాబట్టి మా మనవులు నాలుగు.

మొదటిది, ప్రతి సంవత్సరము కనీసము ఇద్దరు పిల్లలను ఎంపిక చేయవలెను. ప్రభుత్వ సంగీత కళాశాలలలో సర్టిఫికేట్ కోర్సు నాలుగేండ్లు, ఆపైన డిప్లొమా రెండేండ్లు. మధ్యలో చేయి విడువక పూర్తి కాలము సహాయము చేయవలెను. వేతనములో హాస్టలు ఖర్చు, రాకపోకలు, వాద్యము వెల చేరియుండవలెను. ఆర్గన్, వయొలిన్ వంటి పాశ్చాత్య వాద్యములు నేర్చుకొని ట్రినిటీ కాలేజీ పరీక్షలకు కూర్చుండు పిల్లలకును అవకాశము ఉండవలెను.

రెండవది, ఎంపిక పాట విని చేయవలెను. మా వంటి గురువుల ఉత్తరము చూచి చేయరాదు. సంగీతము తెలిసిన ఇద్దరు పరీక్షకులను పిలిపించవలెను. ఆడపిల్లలకు సమాన భాగము ఉండవలెను.

మూడవది, చదువు ముగించినవారికి మందిరములో చోటు ఉండవలెను. నాలుగైదు పాస్టరేటులు కలిసి ఒక సంగీతోపాధ్యాయునికి నెలనెల జీతము ఇవ్వవచ్చును. ఇది లేకుండ మొదటిది చేసినయెడల, మనము పిల్లలను నడివీధిలో విడిచిపెట్టినట్లగును. గాయకులు మరల పొలములకే వెళ్లిపోవుదురు.

నాలుగవది, డబ్బు సంగతి. మన తల్లులు వంటకు బియ్యము తీయునప్పుడెల్ల ఒక పిడికెడు వేరుగా ఉంచి మందిరమునకు తెచ్చిన ఆచారము మనకు క్రొత్త కాదు. ఆ పిడికెడు బియ్యముతో మన తల్లులు దేవుని పనిని పోషించినారు. సంవత్సరమునకు ఒక్క ఆదివారపు పిడికెడు ఈ పిల్లల కొరకు ఉంచవలెనని స్త్రీల మైత్రి సభ్యులను బతిమాలుచున్నాము. అసలు ముట్టక వడ్డీతో నడుచు నిధిగా అధ్యక్ష మండలము దానిని భద్రపరచవలెను.

మేము ఇప్పుడు పని చేయుచున్న పాస్టరేటులో ఇంటర్మీడియట్ రెండవ సంవత్సరము చదువుచున్న పిల్లలు ఇద్దరున్నారు. ఒకరు మృదంగము వాయించును, ఒకరు పాడును. పరీక్షలు కాగానే వారి తండ్రులు మా ఇంటికి వచ్చి, ఆనాడు ఆ మేస్త్రి అడిగిన మాటయే అడుగుదురు. ఆనాడు చెప్పిన జవాబు మరల చెప్పుటకు మాకు నోరు రాదు. వేరొక జవాబు చెప్పుటకు మా చేతిలో ఏమియు లేదు. ఆ జవాబును ఈ శతవార్షికోత్సవ సభయే మా చేతికి ఇవ్వవలెనని మనవి చేయుచు, దేవుడు మన అధ్యక్ష మండలమును, మన పిల్లల గొంతులను దీవించునుగాక అని ప్రార్థించుచు సెలవు తీసుకొనుచున్నాము. ఆమెన్.