మూత ఎవరిదైతే ధర వారిదే

(మియాపూర్‌లో జరిగిన పాల రైతుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

తెల్లారకముందే లేచి పాలు పిండి, క్యాన్లు దించి వచ్చినవాళ్లం మనం. సాయంత్రం మళ్లీ బర్రె కింద కూర్చునే వేళకు ఇల్లు చేరాలి. కనుక ఎక్కువసేపు తీసుకోము.

దాణా ధర, గడ్డి కొరత, లీటరుకు ఇస్తామన్న ప్రోత్సాహకం బకాయిలు, వీటి గురించి ప్రతి సమావేశంలో మాట్లాడుతూనే ఉన్నాం. మాట్లాడాలి కూడా. ఈరోజు మాత్రం ఒక చిన్న వస్తువు గురించి చెప్పాలనుకుంటున్నాం. పాల సీసా మూత. నవ్వకండి. ఈ మూత వల్లే పోయిన ఎండాకాలం మా పదకొండు ఇళ్ల బతుకు రోడ్డున పడబోయింది.

మాది సదాశివపేట వైపు. సేకరణ కేంద్రంలో పోస్తే వచ్చే ధర గిట్టక, పదకొండు కుటుంబాలం కలిసి ఒక చిన్న చల్లబరిచే యంత్రం పెట్టుకున్నాం. గాజు సీసాల్లో పాలు నింపి ఇక్కడ మియాపూర్‌లోనే ఒక అపార్టుమెంటుకు తెచ్చి పోస్తున్నాం. పచ్చి పాలు, చల్లబరిచినవి, కాచుకొని తాగాలని ముందే చెప్పి పోస్తున్నాం. రెండేళ్లు బాగానే నడిచింది. ఏప్రిల్‌లో ఫిర్యాదులు మొదలయ్యాయి. పొద్దున తీసుకున్న పాలు కాచేసరికి విరిగిపోతున్నాయట. మొదట రెండు ఇళ్లు, తర్వాత తొమ్మిది, తర్వాత ఒక బ్లాకు మొత్తం. అక్కడి సంఘం వాళ్లు పిలిచి, వారం గడువు ఇచ్చారు. సరిచేయకపోతే ఒక కంపెనీతో మాట్లాడుకుంటామన్నారు.

మేము ఏం చేశామో చెప్పడానికి సిగ్గుగా ఉంది. ముందు మా బర్రెలను చూసుకోలేదు, మా గిన్నెలను చూసుకోలేదు. సీసాలు పంచే పిల్లగాణ్ని పట్టుకున్నాం. దారిలో మూత తీసి నీళ్లు కలుపుతున్నాడని ఒకరన్నారు. ఒకరంటే మిగతావాళ్లం కాదనలేదు. వాడు మా పదకొండు ఇళ్లలో ఒక ఇంటి పిల్లవాడే. తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారు కదా, అట్లయింది వాడి పని. సీసా మూత ఎప్పుడైనా తీయొచ్చు, మళ్లీ పెట్టొచ్చు. నేను తీయలేదని వాడు ఎట్లా నిరూపిస్తాడు? వాడు పని మానేశాడు. వాళ్ల నాయన మాతో మాట్లాడటం మానేశాడు. పాలు మాత్రం అట్లాగే విరుగుతున్నాయి.

అప్పుడు ఒక పశువైద్యుడు మాకు మిథిలీన్ బ్లూ పరీక్ష చేసి చూపించారు. పది మిల్లీలీటర్ల పాలల్లో ఒక మిల్లీలీటరు నీలం మందు వేసి, ఒంటి వేడి అంత వెచ్చదనంలో, అంటే 37 డిగ్రీల్లో ఉంచుతారు. పాలల్లో సూక్ష్మజీవులు ఎంత ఎక్కువ ఉంటే నీలం అంత తొందరగా పోతుంది. ఐదు గంటలు దాటి నిలిస్తే చాలా మంచి పాలు. అరగంటలోనే పోతే పనికిరానివి. ఇది పాత పద్ధతే. ఖర్చు తక్కువ, కంటితో చూసి తెలుసుకోవచ్చు.

ఒకే పూట పాలు నాలుగు చోట్ల నుంచి తీసి పెట్టాం. బకెట్లోవి, చల్లబరిచే తొట్టిలోవి, మూత పెట్టని సీసాలోవి, మూత పెట్టి మియాపూర్ దాకా వచ్చిన సీసాలోవి. మొదటి మూడింట్లో నీలం నిలిచింది. నాలుగోది చూస్తుండగానే తెల్లబడింది. మరునాడు సగం సీసాలకు కొత్త మూతలు, సగానికి పాత మూతలు పెట్టాం. ఒకే బండిలో తెచ్చాం. కొత్త మూతల పాలు నిలిచాయి, పాత మూతలవి పోయాయి.

తప్పు మాదే. రూపాయి మిగులుతుందని, తిప్పి బిగించే మూతలను కడిగి మళ్లీ మళ్లీ వాడాం. సీసా లోపలికి బ్రష్ పోతుంది, వేడినీళ్లు పోతాయి, సోడా పోతుంది. మూత లోపలి మెత్తటి పొర కిందికి ఏదీ పోదు. గోరుతో ఆ పొర లేపి చూస్తే కింద పసుపుపచ్చగా పాలగార పేరుకొని ఉంది. వాసన చెప్పక్కర్లేదు. కుండెడు పాలు తోడుకోవడానికి చుక్క పెరుగు చాలని మన ఇళ్లల్లో పిల్లలకు కూడా తెలుసు. మేము ప్రతి సీసాకూ చేజేతులా తోడు పెట్టి పంపించాం.

మనం కూర్చున్న ఈ మియాపూర్ కూడా ఒకప్పుడు పల్లే. పాలు ఇక్కడే పిండి ఇక్కడే పోసేవారు. కొనేవాళ్లకు పాలాయన తెలుసు, ఆయన బర్రె తెలుసు, అది నీళ్లు తాగే చెరువు తెలుసు. 2007లో శేరిలింగంపల్లి జీహెచ్‌ఎంసీలో కలిసింది. 2017 నవంబరులో మెట్రో వచ్చింది. పొలాల్లో అపార్టుమెంట్లు లేచాయి. ఇప్పుడు ఇక్కడివాళ్లు తాగే పాలు దూరపు పల్లెల నుంచి రావాలి. కొనేవాళ్లకు మనం కనిపించం. కనిపించేది తలుపు దగ్గర పెట్టిన సీసా, దాని మీద మూత. మనల్ని నమ్మాలా వద్దా అన్నది దాన్ని చూసే తేల్చుకుంటారు.

ఈ నమ్మకం ఊరికే పోలేదు. ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2018లో దేశమంతటా 6,432 పాల నమూనాలు తీసి పరీక్ష చేయించింది. ఆరోగ్యానికి హాని చేసే కల్తీ దొరికినవి 12. ఆ 12లో 9 మన తెలంగాణవే. కల్తీ చేసింది ఎవరైనా, అనుమానం పడేది మనందరి మీద.

మూత కథ కొంచెం చెప్తాం. అమెరికాలో నూట నలభై ఏళ్ల కిందట మనలాగే క్యాను మూత తీసి గరిటెతో పాలు పోసేవారు. న్యూయార్క్ రాష్ట్రంలోని పోట్స్‌డామ్‌లో హార్వే థాచర్ అనే మందుల దుకాణం ఆయన 1884లో పాలకోసమే సీసా చేయించాడు. వీధిలో ఒక పిల్ల చేతిలోని మురికి బొమ్మ క్యానులో పడితే, పాలాయన దాన్ని తీసి దులిపి అవే పాలు పోసి పోయాడని, అది చూసి థాచర్‌కు ఈ ఆలోచన వచ్చిందని చెప్తారు. 1889లో సీసా మెడ లోపల గాడి పెట్టి, అందులో అట్టబిళ్ల కూర్చోబెట్టే పద్ధతి వచ్చింది. చవక కాబట్టి అంతటా పాకింది. అందులో ఒక లోపం ఉంది. బిళ్ల మెడ లోపల కూర్చుంటే, పాలు జారే అంచు బయటే మిగులుతుంది. దాని మీద దుమ్ము పడుతుంది, ఈగ వాలుతుంది, సీసా ఎత్తేవాడి చెయ్యి తగులుతుంది. తెరవాలంటే బొటనవేలితో లోపలికి నొక్కాలి. అందుకే తర్వాత అంచు మీది నుంచి కిందికి దిగే టోపీ మూతలు, రేకు మూతలు వచ్చాయి.

1949లో మొదలైన బొంబాయి ఆరే కాలనీ, 1959లో మొదలైన ఢిల్లీ పాల పథకం సీసాలకు రేకు మూతలు వాడాయి. రేకు రంగు చూసి అవి ఏ పాలో చెప్పేవారు. హైదరాబాదులోనూ తెల్లవారుజామున కార్డు పట్టుకొని బూతు దగ్గర ఖాళీ సీసా ఇచ్చి నిండు సీసా తెచ్చుకున్నవాళ్లు ఇంకా ఉన్నారు. ప్లాస్టిక్ ప్యాకెట్లు వచ్చాక ఆ సీసాలు పోయాయి. ఇప్పుడు సీసా మళ్లీ వచ్చింది.

రేకు మూతకూ తిప్పలున్నాయి. ఇంగ్లండులో పిట్టలు గుమ్మాల ముందు పెట్టిన పాల సీసాల మూతలు పొడిచి మీగడ తాగడం నేర్చుకున్నాయి. 1921లో సౌతాంప్టన్ దగ్గర మొదటిసారి గమనించారు. తర్వాత దేశమంతా అదే పని. మన అపార్టుమెంట్లలో కాకి ఉంది, పిల్లి ఉంది, కొన్నిచోట్ల కోతులూ ఉన్నాయి. ఎంత మంచి మూతైనా సీసాను గుమ్మం ముందు బయట వదలకండి. గట్టి మూత ఉన్న పెట్టెలో పెట్టండి.

మూత ఎట్లా ఉండాలో మేము దెబ్బ తిని నేర్చుకున్న ఐదు మాటలు చెప్తాం.

ఒకటి. మూత అంచును మొత్తం కప్పాలి. పాలు తగిలే చోటు ఏదీ బయటికి కనిపించకూడదు.

రెండు. ఒకసారి తెరిస్తే తెరిచినట్టు తెలియాలి. తిప్పే మూతకు కింద తెగిపోయే వలయం ఉన్నది తీసుకోండి. లేదా మూత, మెడ కలిపి వేడిగాలికి ముడుచుకునే ప్లాస్టిక్ పట్టీ వేయండి. చినగకుండా అది ఊడిరాదు. కొంటున్నవాళ్ల కోసమే కాదు, పంచే పిల్లల కోసం కూడా ఇది కావాలి. మాకు ఆ పట్టీ ముందే ఉండి ఉంటే ఆ పిల్లగాడి మీద నింద పడేదే కాదు.

మూడు. లోపల పొర ఉన్న మూతను, మరలున్న ప్లాస్టిక్ మూతను రెండోసారి వాడకండి. సీసాను కడిగి తిరిగి వాడదాం, మూతను వాడొద్దు. ఖాళీ మూతలు వెనక్కి తీసుకొని పాత ప్లాస్టిక్ కొనేవాళ్లకు ఇద్దాం. మాకు మూత, పట్టీ కలిపి సీసాకు రెండు రూపాయలు దాటడం లేదు.

నాలుగు. పాలు చల్లబడిన తర్వాతే మూత పెట్టాలి. గోరువెచ్చని పాలకు మూత బిగిస్తే ఆవిరి మూత కింద నీళ్లయి మళ్లీ పాలల్లో పడుతుంది. సీసాలో పాలు చల్లబడటానికి చాలాసేపు పడుతుంది. ఆ సేపట్లోనే సూక్ష్మజీవులు పెరిగిపోతాయి. ముందు నాలుగు డిగ్రీలకు దించండి, తర్వాత నింపండి. మూత పెట్టేముందు సీసా నోరు తడిగా లేకుండా చూడండి. తడి నోటి మీద ఏ సీలూ నిలవదు.

ఐదు. మూత మీద పిండిన తేదీ, పూట, రైతు జట్టు పేరు, కాచి తాగండి అన్న మాట ఉండాలి. ఫిర్యాదు వస్తే అది ఏ పూట పాలో, ఎవరింటి పాలో గంటలో తెలియాలి.

ఇంకొక జాగ్రత్త. రేకును కరెంటు యంత్రంతో వేడిచేసి అతికించే సీలు ఒకటి అమ్ముతున్నారు. అది ప్లాస్టిక్ సీసాలకు చక్కగా అతుకుతుంది, గాజుకు అంత తేలిగ్గా అతకదు. మాకు తెలిసిన ఒక జట్టు అప్పుచేసి ఆ యంత్రం కొని మూలన పెట్టింది. యంత్రం కొనేముందు మీ సీసాలే తీసుకెళ్లి, చల్లటి పాలు పోసి, కళ్లముందు వేయించి చూడండి.

మూత చేయలేని పని కూడా చెప్పుకోవాలి. పొదుగువాపు ఉన్న బర్రె పాలు సీసాలో పోసి బంగారు మూత పెట్టినా అవి మంచి పాలు కావు. పైన చెప్పిన 2018 సర్వేలోనే 368 నమూనాల్లో అఫ్లాటాక్సిన్ మోతాదు మించి దొరికింది. అది బూజు పట్టిన దాణా, చెక్క, మేత నుంచి పాలల్లోకి వచ్చే విషం. కాచినా పోదు. వానాకాలంలో తడిసిన చెక్కను పారేయలేక బర్రెకు పెడతాం కదా, అక్కడ మొదలవుతుంది. బయటి నుంచి వచ్చేదాన్నే మూత ఆపుతుంది. లోపలిది మన కొట్టంలోనే ఆపాలి.

ఇక అసలు విషయం. పాలు మనవి, మూత ఇంకొకరిది అయితే ధర ఎవరు చెప్తున్నారు? మూత ఎవరిదైతే వాళ్లే చెప్తున్నారు. మనం పోసిన పాలకే వాళ్ల పేరు పెట్టి, మనకిచ్చిన దానికి బాగా పైచేయిగా అమ్ముతున్నారు. పాలు శుద్ధి చేయడానికి, తేవడానికి వాళ్లకూ ఖర్చు ఉంది, కాదనం. కానీ పేరు మీద వచ్చే డబ్బులో పేడ ఎత్తినవాళ్లకు వాటా లేదు. ములుకనూరు మహిళలు ఇరవై ఏళ్లకు పైగా సొంత డెయిరీ నడుపుతూ స్వకృషి పేరుతో తమ పాలు తామే అమ్ముకుంటున్నారు. ఆడవాళ్లు ఊరూరా సంఘాలు కట్టుకొని చేసిన పని అది. మనకు చేతకానిదేమీ కాదు.

అందుకని మూడు ప్రతిపాదనలు మీ ముందు పెడుతున్నాం. ఈ రూట్లో పాలు తెచ్చే జట్లన్నీ ఒకే కొలత నోరున్న సీసాలు వాడాలి. ఇప్పుడు ఒకరి మూత ఇంకొకరి సీసాకు పట్టదు. అందుకే తలా కొన్ని వందలు కొని ఎక్కువ ధర ఇస్తున్నాం. కొలత ఒకటైతే అందరం కలిసి ఒకేసారి కొనొచ్చు. రెండోది, సీసాలు కడిగి, నింపి, సీలు వేసే కేంద్రం ఒకటి ఉమ్మడిగా పెట్టుకోవాలి. దానికి ప్రభుత్వ సాయం అడుగుదాం, వచ్చేదాకా చేతులు ముడుచుకొని కూర్చోవద్దు. మూడోది, వారానికి ఒకసారి ప్రతి జట్టు పాలకూ నీలం పరీక్ష చేసి, ఫలితం అపార్టుమెంటు నోటీసు బోర్డు మీద పెట్టాలి. బాగా రాని వారం కూడా పెట్టాలి.

ఆ అపార్టుమెంటు సంగతి అడుగుతారు. గడువు చివరి రోజు మేము పాత మూత ఒకటి, పొర లేపినది, వాళ్ల సంఘం సమావేశానికే పట్టుకెళ్లాం. తప్పు ఇదీ అని చూపించాం. నలభై రెండు ఇళ్లు మానుకున్నాయి, మిగతావాళ్లు ఉన్నారు. మానుకున్నవాళ్లలో సగం మంది మళ్లీ వచ్చారు.

పిల్లగాడి ఇంటికి పదిమందిమీ వెళ్లాం. వాడు బయటికి రాలేదు. వాళ్లమ్మ ఒక మాట అన్నది: "మూత మార్చడానికి వారం పట్టింది మీకు, నా కొడుకు మీద మాట వేయడానికి పూట పట్టలేదు." మేము తలవంచుకొని వచ్చాం. రెండు నెలల తర్వాత వాడు పనిలోకి వచ్చాడు. ఇప్పుడు సీలు వేసే పని వాడిదే. వాళ్ల నాయన ఇంకా మాతో సరిగ్గా మాట్లాడడు.

మీ జట్లలో అట్లాంటి పిల్లలు ఉన్నారు. వాళ్ల మీద మాట పడకముందే మూతలు మార్చుకోండి. సీసా కొలత గురించి ఈరోజే చేతులెత్తి తేల్చుకొని, తర్వాతే ఇళ్లకు పోదాం.