పరిపాలనా విద్యకొక దృష్టాంతము

దిల్‌సుఖ్‌నగరునుండి ఎల్బీ నగరువరకు గల వీధులలో ఉద్యోగపరీక్షలకు చదువు చెప్పు గదు లెన్నో కలవు. అట్టి యొక గదిలో, పింఛను పుచ్చుకొన్న పిమ్మట, సాయంకాలములందు ప్రభుత్వ వ్యవహార నిర్వహణమును గూర్చి నేను పాఠములు చెప్పుచున్నాను. మా విద్యార్థులు మిక్కిలి శ్రద్ధ గలవారు. సుపరిపాలనకు లక్షణము లేవని యడిగినచో ఎనిమిదింటిని ఊపిరి విడువక యొప్పగించెదరు. ఆ లక్షణములు బల్లమీది కాగితములలో ఎట్లు కానవచ్చునో, ఎట్లు దాగియుండునో మాత్రము వారెరుగరు. ఉద్యోగమున ప్రవేశించిన నాడు నాకును తెలియదు.

నా యజ్ఞానమునకు వెల పరులిచ్చుకొనిరి. ఒక చిన్న పట్టణమున నీటి గొట్టములకు టెండర్లు పిలిచితిమి. అందరికంటె తక్కువ ధర చెప్పినవానికే పని యిమ్మని వ్రాసితిని. నియమ మదియే. అంత తక్కువకు అత డెట్లు చేయగలడని మాత్రము అడుగనైతిని. రెండవ వేసవికి గొట్టములు పగిలినవి. ఆడువారు బిందెలతో వీధిలో నిలిచిరి. ఆడిటులో నా ఫైలు నిర్దోషముగనే యుండెను.

అందుచేత నిర్వచనములను ప్రక్కకు నెట్టి, నిజముగ జరిగిన వ్యవహారమును విద్యార్థుల ముందుంచి, వారే యధికారులైనచో ఏమి చేయుదురని యడుగుట మొదలుపెట్టితిని. ఈ కేసు పద్ధతి నా కల్పన కాదు. అమెరికాలో హార్వర్డు వ్యాపార విద్యాలయమువారు నూరేండ్లకు పూర్వమే దీనిని వాడుకలోనికి తెచ్చిరి. మన నగరమున 1956లో వెలసిన అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీలోను అధికారులు ఇట్లు శిక్షణ పొందుచున్నారు.

కేసుకొరకు దూరదేశ మేల పోవలెను? మా గది కిటికీ తెరచినచో మెట్రో రైలు వంతెన కనబడును.

2008లో నాటి ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వము ఆ రైలుమార్గమునకు టెండర్లు పిలిచెను. ఇతర సంస్థలు ప్రభుత్వమునుండి సహాయధనము కోరినవి. మేటాస్ బృందము మాత్రము తన కేమియు నక్కరలేదనియు, పైగా తానే కాలక్రమమున 30,311 కోట్ల రూపాయలు ప్రభుత్వమునకు చెల్లింతుననియు చెప్పెను. ఇచ్చట నేను కథ నాపివేయుదును. సంతకము చేయుదురా?

తొలినాడు చేతు లన్నియు లేచినవి. ఒక విద్యార్థిని మాత్రము, ఈ సొమ్ము టిక్కెట్లమీద వచ్చునా, భూములమీద వచ్చునా యని యడిగెను. నేను గొట్టములనాడు అడుగవలసిన ప్రశ్న యిదియే కదా! ఢిల్లీ మెట్రో నిర్మాతయైన శ్రీధరన్‌గారును ఆ సంవత్సరమే ప్రణాళికాసంఘమునకు ఇట్టి సందేహమునే వ్రాసిరి. ప్రభుత్వమువారికి ఆ లేఖ రుచింపలేదు.

2009 జనవరిలో సత్యం కంపెనీ లెక్కల మోసము బయటపడెను. మేటాస్ ఆ కుటుంబమువారిదే. సత్యమను పేరును ఆంగ్లాక్షరములలో వెనుకనుండి చదివినచో మేటాస్ అగును. ధనము సమకూడలేదు. జూలైలో ఒప్పందము రద్దయ్యెను. మరల టెండర్లు పిలువగా, 1,458 కోట్ల సహాయధనము కోరిన లార్సెన్ అండ్ టూబ్రో సంస్థతో 2010 సెప్టెంబరులో ఒప్పందము కుదిరెను. 2017 నవంబరులో తొలి రైలు కదలెను. 2018 సెప్టెంబరు 24న ఎల్బీ నగరు చేరెను.

ఇంతవరకు విని, మొదటిది తప్పు, రెండవది యొప్పు అని విద్యార్థులు తృప్తిపడుదురు. ఆ తృప్తి నాకు గిట్టదు. ఫలితము తెలిసిన పిదప తీర్పు చెప్పుట సులభము. 2008లో సత్యమనగా నగరమునకే గర్వకారణము. రెండవ ఒప్పందమైనను సుఖాంతము కాలేదు. నిర్మాణము ఆలస్యమయ్యెను, వ్యయము పెరిగెను, కరోనా కాలమున రైళ్లు నెలల తరబడి నిలిచిపోయినవి. సంస్థకు నష్టములు పేరుకొనెను. 2025 సెప్టెంబరులో రాష్ట్ర ప్రభుత్వము సుమారు 13,000 కోట్ల ఋణభారమును మోయుటకును, సంస్థకు సుమారు 2,000 కోట్లు చెల్లించి మార్గమును తానే తీసికొనుటకును అంగీకరించెను.

మొన్న ఈ భాగమును చర్చకు పెట్టితిని. ఢిల్లీలో కేంద్రమును రాష్ట్రమును కలిసి కట్టినట్లు మొదటనే ప్రభుత్వము కట్టియుండవలసినదని యొక డనెను. అంత ధనము నాడెక్కడిదని మరియొకడు. పాలమూరునుండి వచ్చిన పిల్లవాడు, ఈ ఋణము తీర్చువారిలో ఈ రైలు నెన్నడు నెక్కని తన తండ్రియు నున్నాడా యని యడిగెను. నేను వెంటనే బదులు చెప్పలేకపోతిని. ఇంతలో గది యజమాని వచ్చి దీపము లార్పెను. మెట్లు దిగి, స్టేషనుకు నడచి, మియాపూరు రైలెక్కితిమి. చైతన్యపురి దాటినను వారి వాదము తెగలేదు.